సిద్దిపేట రోడ్డు మీద ఫుడ్ ఇన్‌స్పెక్టర్

సిద్దిపేట ట్రిప్ అంటే అందరి దగ్గరా దాదాపు ఒకటే లిస్టు. కోమటిచెరువు మీద సస్పెన్షన్ బ్రిడ్జి, రంగనాయక సాగర్ గట్టు, కొమురవెల్లి మల్లన్న, చేర్యాల నకాషీ బొమ్మలు, టైముంటే గొల్లభామ చీరలు. 2023 అక్టోబరు 3న సికింద్రాబాద్ నుంచి రైలు కూడా మొదలైంది కాబట్టి, బస్సులో కునికిపాట్లు పడే పని కూడా తప్పింది.

ఈసారి అదే ఊరిని వేరే పనిమీద తిరుగుదాం. ఈ జిల్లాకు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ మీరే అనుకోండి. జనం మాత్రం మిమ్మల్ని పాత పేరుతో ‘ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సార్’ అనే పిలుస్తారు. ఆ పేరు 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం కాలంది. 2006లో కొత్త చట్టం వచ్చి, 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చాక బోర్డు మీద పేరు మారింది. బజార్లో మారలేదు.

ఈ ఉద్యోగం ఎలా వస్తుందంటే, ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, అగ్రికల్చర్, వెటర్నరీ లాంటి డిగ్రీలో, కెమిస్ట్రీలో పీజీయో ఉండాలి. తర్వాత పోటీ పరీక్ష. 2022లో రాష్ట్రం మొత్తానికి పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చింది 24 పోస్టులకే. సిద్దిపేట జిల్లా చూస్తే 2011 జనాభా లెక్కల ప్రకారమే 10 లక్షలకు పైగా జనం. వాళ్లు రోజుకు ఎన్నిసార్లు టీ తాగుతారో, ఎన్ని హోటళ్లలో తింటారో లెక్కేసుకోండి. అన్ని నోళ్లకూ కాపలా ఉండాల్సింది ఒకరో ఇద్దరో. అందుకే ఈ రూట్‌లో ముందు నేర్చుకోవాల్సింది ఎక్కడ ఆగాలి అన్నది.

వంటిమామిడి దగ్గర మొదటి స్టాప్

జేబీఎస్‌లో బస్సెక్కి శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి పక్కన వంటిమామిడి వస్తుంది. ములుగు, వర్గల్ చుట్టుపక్కల రైతులు పండించిన కూరగాయలు తెచ్చే మార్కెట్ ఇది. హైదరాబాద్ వంటింట్లో తరిగే బెండకాయో టమాటానో ఇక్కడి నుంచి వచ్చిందే అయ్యుండొచ్చు.

ఇక్కడ మీ కన్ను దేనిమీద పడాలి? కూరగాయలు మరీ పచ్చగా మెరుస్తుంటే తడి దూదితో తుడిచి చూడాలి. దూదికి రంగు అంటితే అనుమానం. మామిడి సీజన్ అయితే పండ్ల బుట్టల మధ్య కార్బైడ్ పొట్లాలున్నాయేమో వెతకాలి. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో మగ్గబెట్టడానికి పరిమితితో అనుమతి ఉంది. బయటికి రెండు పండ్లూ ఒకేలా పసుపుగా కనిపిస్తాయి.

అసలు కష్టం పురుగుమందు అవశేషాలది. దూదికి అంటవు, వాసన రావు. ల్యాబుకు పంపాల్సిందే. రిపోర్టు వచ్చేసరికి ఆ బెండకాయ కూరై, అరిగిపోయి ఎన్నో రోజులై ఉంటుంది. ఈ ఉద్యోగంలో ఈ చిక్కు అడుగడుగునా ఉంటుంది. తిండికి గంటలే ఆయుష్షు, కాగితానికి వారాలు పడుతుంది.

ప్రజ్ఞాపూర్ హోటళ్ల వెనక్కి

ఇంకాస్త ముందుకెళ్తే ప్రజ్ఞాపూర్. కరీంనగర్ పోయే కార్లు చాయ్‌కీ టిఫిన్‌కీ ఇక్కడ ఆగుతుంటాయి. మనం ముందు గేటు నుంచి పోతాం, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వెనక గేటు నుంచి పోతాడు. హాల్లో లైటింగ్ ఎట్లున్నా సరే, చూడాల్సింది గిన్నెలు కడిగే చోటు.

చెక్ చేసేవి వింటే సినిమా రెయిడ్‌లా ఏమీ ఉండవు. రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ కనపడేలా గోడకు పెట్టారా? దాని మీద 14 అంకెల నంబరుందా? వంటవాళ్లకు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్లున్నాయా? నీళ్ల టెస్ట్ రిపోర్టుందా? ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింద అరలో ఉందా, వండిన కూర మీద కారుతోందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క చాలా సింపుల్. వండింది వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపు. ఆ మధ్యలో గంటల తరబడి ఉన్న అన్నంలో, కూరలో బ్యాక్టీరియా సంసారం పెట్టేస్తుంది. మధ్యాహ్నం వండిన బిర్యానీ అట్లనే గిన్నెలో పెట్టి రాత్రికి వేడిచేసి ఇస్తే, వాసనలో తేడా తెలియకపోవచ్చు. కడుపుకు తెలుస్తుంది.

తర్వాత మూకుడు. కాగీ కాగీ నల్లబడిన నూనెకు కూడా చట్టంలో కొలత ఉంది. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఇక వాడకూడదని 2018 జులై నుంచి రూలు. చేతిలో పట్టుకునే చిన్న మీటరుతో అక్కడికక్కడే చూసేయొచ్చు.

తప్పు దొరికితే వెంటనే షట్టర్ దించాల్సిందేనా? అక్కర్లేదు. చిన్న లోపాలకు ‘మెరుగుపరుచుకోండి’ అని నోటీసు ఇస్తారు. దానికి కనీసం 14 రోజుల గడువుండాలని చట్టమే చెప్పింది. “సార్, మాది చిన్న హోటల్, ఏమన్నుంటే చెప్పుండ్రి, సాఫ్ చేస్కుంటం” అని బతిమాలే ఓనరు ఆ గడువులో నిజంగానే సాఫ్ చేసుకుంటే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ పని సగం అయినట్టే. చేసుకోకపోతే అప్పుడు లైసెన్సు సస్పెన్షన్ దాకా పోవచ్చు.

మల్లన్న జాతరలో

రాజీవ్ రహదారి మీద కొమురవెల్లి కమాన్ కనిపించగానే చాలామందికి పసుపు బండారే గుర్తుకొస్తుంది. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం పట్నంవారం, ఆ తర్వాతది లష్కర్‌వారం. అక్కణ్నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం జనమే జనం. పట్నాలు వేసేవాళ్లు ఒకవైపు, కొత్త కుండలో బోనం వండుకునేవాళ్లు ఇంకోవైపు.

ఎవరి బోనం వాళ్లు వండుకుంటే అది ఇంటి వంట, మీ లెక్కలోకి రాదు. మీ పని పక్కనున్న స్టాళ్లతో. మిఠాయి, మిర్చి, రంగు షర్బత్, ఐస్‌గోలా. వచ్చే ఆదివారం అదే బండి అక్కడే ఉంటుందన్న గ్యారంటీ లేదు. నోటీసు ఎవరికివ్వాలి? ఏ అడ్రసుకు పంపాలి? 2011 నాటి నిబంధనల్లో ఏడాది టర్నోవర్ 12 లక్షల లోపున్న చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే పెట్టారు. బండి అతనికి ఒక నంబరంటూ ఉంటే తప్ప దొరకడు, దొరికితే తప్ప నేర్చుకోడు. అందుకే జాతరలో కేసులకన్నా రిజిస్ట్రేషన్లు చేయించడమే పెద్ద పని.

ఇక్కడే ఇంకో రకం కంప్లయింట్లు కూడా వస్తాయి. “కల్లుల ఏందో కలిపిండ్రు సార్” అంటే అది ఎక్సైజ్ వాళ్లు చూడాలి. “కిలోకు తొమ్మిది వందల గ్రాములే తూగింది” అంటే తూనికలు కొలతల శాఖ. జనానికి ఈ తేడాలు పట్టవు. వాళ్లకు సర్కారంటే ఒక్కటే మనిషి, ఆ పూట ఆ మనిషి మీరే.

టౌన్లోకొస్తే.. నాలుగు సీసాలు, ఒక సంతకం

ఇప్పుడు సిద్దిపేట బజారు. పొద్దున్నే పాల దగ్గర మొదలుపెడదాం. పాలంటే వాట్సాప్‌లో యూరియా, సర్ఫ్ వీడియోలే తిరుగుతాయి. కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల శాంపిళ్లతో సర్వే చేసింది. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12 శాంపిళ్లలో మాత్రమే. కానీ ఆ పన్నెండులో తొమ్మిది మన తెలంగాణవి. ఆ సర్వేలో అంతకన్నా పెద్ద సమస్య మనం పేరు కూడా వినని అఫ్లాటాక్సిన్ ఎం1. దాదాపు 5.7 శాతం శాంపిళ్లలో అది పరిమితి దాటింది. బూజుపట్టిన దాణా తిన్న బర్రె నుంచి పాలల్లోకి వస్తుందది. పాలమ్మే ఆయన ఏమీ కలపకపోయినా రావొచ్చు. వీడియో చూసి కోపం తెచ్చుకున్నంత సులువు కాదు ఈ లెక్క.

సరే, ఒక షాపులో అనుమానం వచ్చింది, శాంపిల్ తీయాలి. ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. ముందు ఓనరుకు ‘పరీక్ష కోసం తీసుకుంటున్నాను’ అని రాతపూర్వకంగా నోటీసివ్వాలి. తీసుకున్న దానికి మామూలు రేటు ప్రకారం డబ్బులు కట్టాలి. అవును, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఊరికే తీసుకోకూడదు, కొనాలి. తీసుకున్న సరుకును నాలుగు భాగాలు చేసి, సీసాల్లో నింపి, దారం కట్టి, సీలు వేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకు, రెండు పైఅధికారి దగ్గర భద్రంగా. ఓనరు కోరితే నాలుగోది గుర్తింపున్న ఇంకో ల్యాబుకు. పాల శాంపిల్ అయితే దారిలో పాడవకుండా ఫార్మలిన్ చుక్కలు వేస్తారు. అదే ఫార్మలిన్ అమ్మేవాడు వేస్తే నేరం. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వేసి, లేబుల్ మీద రాస్తే రూలు.

అంతా అయ్యాక ఒక్కటి మిగులుతుంది. సాక్షి. ఇదంతా మీ కళ్ల ముందే జరిగిందని ఒక మనిషి సంతకం పెట్టాలి.

ఇక్కడే బజారంతా ఒక్కసారిగా బిజీ అయిపోతుంది. ఇందాకటి దాకా షాపు ముందు గుమిగూడి ఫోన్లు పైకెత్తి వీడియో తీసినవాళ్లు మెల్లగా జారుకుంటారు. పక్క షాపాయన ముఖం తిప్పుకుంటాడు. “సార్, పొద్దున లేస్తే మొకాలు మొకాలు చూసుకునేటోళ్లం. నన్నెందుకు ఇరికిస్తరు?” ఆ మాటలో అన్యాయమేమీ లేదు. చిన్న ఊళ్లో చిట్టీ ఒకటే, గుడి కమిటీ ఒకటే, పెళ్లి పిలుపులు ఒకటే. రేపు కేసు నడిస్తే రమ్మంటారేమోనన్న భయం. హైదరాబాద్‌లో పక్క షాపు ఓనరు పేరు తెలియకుండా పదేళ్లు బతకొచ్చు, సిద్దిపేటలో కుదరదు. మనుషులు ఒకరికొకరు తెలిసి ఉండటమే ఈ ఊరికి బలం, సంతకం దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డం.

కానీ ఆ సంతకం లేకపోతే ఏమవుతుంది? సీసాలో ఉన్నది ఈ షాపుదేనని రేపు గట్టిగా చెప్పేవాళ్లుండరు. ఓనరు లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

ప్రొసీజర్ ఎంత ముఖ్యమో దేశం మొత్తం చూసిన ఉదాహరణ మ్యాగీ. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ అనే జిల్లాలో ఒక ఫుడ్ ఇన్‌స్పెక్టర్ 2014లో తీసిన శాంపిల్‌తో అది మొదలైంది. 2015 జూన్ వచ్చేసరికి దేశమంతటా నూడుల్స్ షెల్ఫుల నుంచి దించేశారు. అదే ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన సరిగ్గా వినలేదని, పరీక్షలు చేసిన ల్యాబులకు తగిన గుర్తింపు లేదని చెప్పింది. సిద్దిపేటంత జిల్లాలో తీసిన ఒక శాంపిల్ ఢిల్లీ దాకా కదిలించగలదు. విధానంలో లోపముంటే అంతా వెనక్కి పోగలదు.

సాయంత్రం కోమటిచెరువు

ఎండ తగ్గాక ఊరంతా చెరువు దగ్గరికి చేరుతుంది. పిల్లలు బ్రిడ్జి మీద, పెద్దలు బెంచీల మీద, తిండి బండ్ల దగ్గర కుర్రకారు. మీకు మాత్రం డ్యూటీ అయిపోలేదు.

మిర్చి బజ్జీ న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తున్నారా? ప్రింటింగ్ ఇంకు వేడి నూనెతో కలిసి తిండికి అంటుతుంది. 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం అట్లా ఇవ్వకూడదు. ఫంక్షన్లకు ప్లాస్టిక్ బదులు స్టీలు సామాను ఇచ్చే స్టీల్ బ్యాంకుల ఊరిది. ఆ అలవాటు బజ్జీ బండి దాకా రావడం పెద్ద కష్టం కాదు. చికెన్ పకోడీ మరీ ఎర్రగా ఉందా? కారంతో అంత ఎరుపు రాదు. కబాబుల్లో కృత్రిమ రంగులను కర్ణాటక 2024 జూన్‌లో నిషేధించింది. మోమోలతో తెల్లటి మయోనీజ్ ఇస్తున్నారా? హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒకామె చనిపోయి, చాలామంది ఆసుపత్రి పాలయ్యాక, పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది.

బండి దగ్గర మనకు ఆప్షనుంది. నచ్చకపోతే పక్క బండికి పోతాం. హాస్టల్ పిల్లలకు ఆ ఆప్షన్ లేదు. పెట్టింది తినాలి. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో పిల్లలు తిండి తిని ఆసుపత్రి పాలయ్యారు. ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాల విద్యార్థిని అస్వస్థతకు గురై, చికిత్స పొందుతూ అదే నెలలో చనిపోయింది. అందుకే జిల్లాలో తిరిగే ఏ ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కైనా రోజుకు ఒకే స్టాపుకు టైముందంటే, అది ఏదైనా గురుకులం వంటగదే కావాలి. బియ్యం సంచి, పప్పు డబ్బా, నీళ్ల ట్యాంకు, వంటామె చేతి గోళ్లు. చూడటానికి అరగంట చాలు.

నాచారం పోయి దుద్దెడకు

మీరు సీలు వేసిన సీసా మరుసటి పనిరోజుకల్లా బయల్దేరాలి. రాష్ట్ర ఫుడ్ ల్యాబొరేటరీ ఉన్నది హైదరాబాద్ నాచారంలో. అనలిస్టు 14 రోజుల్లో రిపోర్టివ్వాలని చట్టం. ఫెయిలైతే ఓనరుకు అప్పీలు చేసుకోవడానికి 30 రోజులు. అప్పుడు పైఅధికారి దగ్గరున్న భాగం మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి రిఫరల్ ల్యాబుకు పోతుంది. దాని మాటే ఫైనల్.

రిపోర్టులో ‘ఫెయిల్’ అన్నా అన్నీ ఒకటి కావు. ‘మిస్‌బ్రాండెడ్’ అంటే లేబుల్ తప్పు, గరిష్ఠంగా 3 లక్షల జరిమానా. ‘సబ్‌స్టాండర్డ్’ అంటే నాణ్యత తక్కువ కానీ ప్రమాదం కాదు, 5 లక్షల దాకా. ఇవి అదనపు కలెక్టర్ ముందుకొస్తాయి. అంటే ఫైలు తిరిగి సిద్దిపేట రోడ్డు మీదికి, దుద్దెడ దగ్గర కలెక్టరేట్‌కు చేరుతుంది. మూడోది ‘అన్‌సేఫ్’, ప్రమాదకరం. ఇది క్రిమినల్ కోర్టుకు పోతుంది. దానివల్ల మనిషి ప్రాణం పోతే ఏడేళ్లకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా. ఈసారి ‘కల్తీ దందా’ అని హెడ్డింగ్ కనపడితే ఈ మూడింట్లో ఏదో చూసి షేర్ చేయండి. లేబుల్ మీద తేదీ తప్పుపడ్డవాడూ, విషం కలిపినవాడూ ఒకటే అయిపోకూడదు కదా.

ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కూ పగ్గాలున్నాయి. కావాలని వేధించినట్టు తేలితే లక్ష దాకా జరిమానా. ఆయన మీద అబద్ధపు ఫిర్యాదు పెట్టినవాళ్లకూ కనీసం 50 వేలు.

మరి మనమేం చేయాలి?

టూరు అయిపోయింది, మీ డ్యూటీ దిగిపోయింది. ఇప్పుడు మళ్లీ మామూలు కస్టమరే. కానీ చట్టం కస్టమర్ చేతిలో కూడా కొన్ని పెట్టింది.

గోడ మీద 14 అంకెల నంబరు చూడండి. లేకపోతే అడగండి, అడగడం నేరం కాదు. తేడా కనిపిస్తే బిల్లు, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు, తేదీ ఫొటో తీసి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో పెట్టండి. సగం తిన్న ప్లేటు శాంపిల్‌గా నిలబడదు, వీడియో అసలే నిలబడదు. అవి ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కు దారి చూపిస్తాయంతే.

ఇంకోటి చాలామందికి తెలియదు. చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం, కొన్న తిండిని ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ సంగతి షాపతనికి చెప్పాలి. తప్పు తేలితే ఫీజు వాపసు.

వీటన్నిటికన్నా చవకైంది ఒకటుంది. దానికి యాప్ అక్కర్లేదు, ఫీజు లేదు. ఎప్పుడైనా మీ బజార్లో ఒక మనిషి సీసాలు, లక్క, దారం పట్టుకుని నిలబడి, “అన్నా, ఎవరన్నా ఒక సంతకం పెడతరా?” అని అడుగుతుంటే ఫోన్ జేబులో పెట్టుకుని ముందుకెళ్లండి. షాపతను తప్పు చేశాడని మీరేం చెప్పక్కర్లేదు. నాలుగు సీసాలు నా ముందే నింపారు, నా ముందే సీలేశారు అని చెబితే చాలు. షాపతను నిజాయతీపరుడైతే ఆ సంతకం అతన్ని కూడా కాపాడుతుంది.